చలవేటికి వేసిన కట్ట

కొండల నడుమ చలవేరు అని ఒక ఏరుంది. శిఖరం దగ్గర ఊటలో పుట్టి బండల మీద దూకుతూ కిందికి దిగుతుంది. నడివేసవిలో కాలు పెట్టినా జిల్లుమంటుంది. అందుకే ఆ పేరు.

ఆ ఏటి ఒడ్డున పోలమ్మ అనే నీటికుక్క ఉండేది. బండ కింద బొరియ, బొరియ ముందు మడుగు, మడుగు నిండా చేపలు. పెనిమిటితో, ఇద్దరు పిల్లలతో ఏ లోటూ లేకుండా రోజులు గడిచేవి.

ఒక ఎండాకాలం రాళ్ళు కొట్టే మనుషులు కింది నుంచి వచ్చి మడుగులో మందుగుండు పేల్చారు. తేలిన చేపల్ని గోతాల్లోకి ఎత్తుకుని ఆ పూటే వెళ్ళిపోయారు. పేల్చినప్పుడు పోలమ్మ పెనిమిటి నీళ్ళలోనే ఉన్నాడు. ఇక పైకి రాలేదు. ఆ తర్వాత ఏట్లో చేపన్నది కనిపించలేదు. పోలమ్మ పీతల్నీ కప్పల్నీ వెతికి పట్టి పిల్లలకు పెట్టింది. అవీ తరిగిపోయాక పిల్లలిద్దరూ వారం తేడాతో కన్నుమూశారు. వేరే ఏరు చూసుకోమని అందరూ చెప్పారు. ఆమె కదల్లేదు.

ఆకలి ఆమె ఒక్కదానిదే కాదు. మద్దిచెట్టు మీద ఉండే కొంగ తెల్లయ్య ఈకలు రాలి సగమయ్యాడు. లకుముకి పిట్టలు వలస పోయాయి. చేపలతో పనిలేని అడవిపంది గున్నయ్య మాత్రం దుంపలు తవ్వుకు తింటూ బాగానే ఉన్నాడు. కానీ బురదలో పొర్లడానికి వచ్చినప్పుడల్లా ఆ ఏటి గట్టున వినిపించే నిశ్శబ్దం అతన్ని బాధపెట్టేది.

ఏటికి పైభాగాన పెద్ద జలపాతం ఉంది. దాని పైన ఒక చిన్న మడుగు. ఎన్నో ఏళ్ళ కిందట మనుషులు ఎక్కడో చలిదేశం నుంచి ఒక జాతి చేపల్ని తెచ్చి అందులో వదిలి మరిచిపోయారు. ఒంటి నిండా ఎర్రటి, నల్లటి చుక్కలతో ఉండే ఆ చేపల్ని మనుషులు ట్రౌట్ అనేవాళ్ళు. జలపాతం దాటి అవి కిందికి రాలేవు. వచ్చినా బండల మీద పడి బతకవు.

వానలు మొదలైన రోజుల్లో పోలమ్మ ఆ జలపాతం పక్కన ఉన్న బండల మీదుగా పైకి ఎక్కింది. అక్కడ అన్నిటికంటే ముసలి చేపని అందరూ చుక్కలవ్వ అంటారని విని, నీళ్ళలో దిగకుండా ఒడ్డు మీద కూర్చునే పిలిచింది.

"అవ్వా, నేను నీటికుక్కని. చేపలే నా తిండి. ఆ సంగతి దాచి నీతో మాట్లాడటం నాకిష్టం లేదు."

"అది చూస్తేనే తెలుస్తోంది. ఆకలితో ఉన్నావనీ తెలుస్తోంది. ఏం కావాలి?" అంది చుక్కలవ్వ లోతు నుంచే.

"నీ పిల్లల్లో కొందర్ని ఇయ్యి. కింద ఏరంతా ఖాళీగా ఉంది. అక్కడ వదులుతాను. పెరిగాక తింటాను."

చుక్కలవ్వ మడుగు చుట్టూ ఒకసారి ఈదింది. ఆ మడుగు ఎంత చిన్నదో ఆమెకు తెలుసు. ఏటా గుడ్ల నుంచి వేలమంది పిల్లలు బయటికొస్తే చలికాలం నాటికి పట్టుమని పదిమంది మిగలరు. తిండి చాలక పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి.

"ఇక్కడ వాళ్ళని తింటున్నది మేమే," అంది చివరికి. "తీసుకుపో. కానీ ఒక షరతు. గులకరాళ్ళ మధ్య ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందు ఎవరి మీదా పన్ను వెయ్యొద్దు. ఆ తర్వాత నీ ఇష్టం."

"మాటిస్తున్నాను."

"ఇప్పుడు ఇస్తావులే. కడుపు కాలినప్పుడు నిలుపుకుంటావా?"

"నా పిల్లలు ఆకలితోనే పోయారవ్వా. ఆకలంటే ఏమిటో తెలిసే మాటిస్తున్నాను," అంది పోలమ్మ.

మర్నాటి నుంచి పని మొదలైంది. వేలెడంత చేపపిల్లల్ని తడినాచులో చుట్టి, రెండేసి మూడేసి చొప్పున నోట కరుచుకుని, పోలమ్మ బండలు దిగేది. మడుగులో వదిలి మళ్ళీ ఎక్కేది. నోటినిండా చేపల వాసన, కడుపులో ఏమీ లేదు. తెల్లయ్య కూడా సాయం పట్టాడు. మొదటిరోజు మూడు పిల్లలతో బయల్దేరి ఒక్కదాన్నే తెచ్చాడు. ఎవరూ అడక్కముందే తల దించుకుని, గొంతులోకి జారిపోయాయని ఒప్పుకున్నాడు. మర్నాడు పోలమ్మ మళ్ళీ మూడు పిల్లల్ని అతనికే అప్పగించింది. ఆ తర్వాత అతను ఒక్కదాన్నీ పోగొట్టలేదు. పదిరోజుల్లో రెండు మూడొందల దాకా పిల్లలు కిందికి చేరాయి.

అప్పుడు నక్క సన్నాసయ్య వచ్చాడు. అవతలి కొండ మీద అతని బంధువర్గం ఉంది. వాళ్ళలో పెద్దరికం కోసం అతను చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు. ఇవతలివాళ్ళకి ఆ సంగతి తెలియదు. అందరినీ ఒడ్డున కూర్చోబెట్టి, చేపపిల్లల్ని తెచ్చినందుకు పోలమ్మని మెచ్చుకున్నాడు. ఆపైన మెల్లగా అసలు విషయానికి వచ్చాడు. వానలు ముదిరితే ఏరు పొంగుతుంది, ఇంత చిన్న పిల్లలు ఆ వరదకి నిలవలేవు, మడుగు దిగువన బండలు ఇరుకైన చోట రాళ్ళతో, దుంగలతో కట్ట వేస్తే పిల్లలన్నీ ఒక్కచోటే భద్రంగా ఉంటాయి అన్నాడు.

పోలమ్మకి అనుమానం వచ్చింది. పారే నీళ్ళలో పుట్టిన చేపలు నిలవ నీళ్ళలో ఎలా ఉంటాయని అడిగింది.

"చెల్లెమ్మా, కొట్టుకుపోయాక ఎక్కడని వెతుకుతావు? కాపలా సంగతి నాకొదిలెయ్యి. నువ్వూ తెల్లయ్యా చేపలు తినేవాళ్ళు. ఏ పూట మనసు చలిస్తుందో మీకే తెలియదు. నాకా, నీళ్ళంటే భయం, చేపలంటే మొదట్నుంచీ ఆశ లేదు. నాకంటే నమ్మకమైనవాడు దొరుకుతాడా?" అన్నాడు సన్నాసయ్య.

ఆ మాట తెల్లయ్యకి సూటిగా తగిలింది. పోలమ్మకి కూడా తగిలింది. రోజూ మడుగులో మెరిసే ఆ పిల్లల్ని చూస్తూ పళ్ళు బిగించుకోవడం ఎంత కష్టంగా ఉందో ఆమెకే తెలుసు. తనమీద తనకున్న ఆ భయంతోనే ఒప్పుకుంది. గున్నయ్య దుంగలు దొర్లించి, రాళ్ళు నెట్టి రెండు రోజుల్లో గట్టి కట్ట వేశాడు. చేపలు బెదురుతాయి కాబట్టి మడుగు దగ్గరికి ఎవరూ రావద్దని సన్నాసయ్య నియమం పెట్టాడు. అందరూ సరేనన్నారు.

వానలు పోయాయి. చలికాలమూ పోయింది. పోలమ్మ దూరపు వాగుల్లో పీతలు పట్టుకు తింటూ రోజులు నెట్టింది. కలిసినప్పుడల్లా సన్నాసయ్య, చేపలు జానెడు అయ్యాయనీ, కులాసాగా ఉన్నాయనీ చెప్పేవాడు. అతను ఒళ్ళు చేసిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం తెల్లయ్య వచ్చి పోలమ్మ ముందు వాలాడు. అవతలి కొండ నుంచి వచ్చిన ఒక నక్కతో సన్నాసయ్య మాట్లాడుతుంటే చెట్టు మీంచి విన్నానన్నాడు. వారంలో మడుగు మోకాలి లోతుకి దిగుతుందనీ, అప్పుడు బంధువులందరికీ విందు పెడతాననీ, ఆ రోజు నుంచి తననే పెద్దగా ఒప్పుకోవాలనీ అన్నాడట.

పోలమ్మ మడుగు దగ్గరికి రావద్దన్న నియమాన్ని పక్కనబెట్టి, సన్నాసయ్య లేని వేళ చూసి నేరుగా మడుగులో దిగింది. నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి. చలవేరులో నీళ్ళు అలా ఉండటం ఆమె పుట్టాక ఎన్నడూ ఎరగదు. అడుగున గులకరాళ్ళు కనిపించలేదు, వాటి మీద బెత్తెడు ఒండ్రు పేరుకుంది. పైనుంచి సన్నగా నీళ్ళు పడేచోట చేపలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్ళు తెరిచి ఉన్నాయి.

"అత్తా," అంది వాటిలో ఒకటి, "నువ్వే కదా మమ్మల్ని తెచ్చింది? ఊపిరి ఆడటం లేదు. తేలిపోయినవాళ్ళని రోజూ ఆయన తీసుకుపోతున్నాడు. మేమంతా తేలేదాకా ఆగమంటున్నాడు."

పోలమ్మ ఒడ్డుకి వచ్చి కట్టనీ, దాని కింద ఏటినీ చూసింది. కట్టని అప్పటికప్పుడే తీసేయొచ్చు. కానీ కింద ఏరు ఇసుకమేట అయిపోయింది. మైలు దూరాన లోయలో చెట్లనీడన ఒక ఊటమడుగుంది. అక్కడ నీళ్ళు ఎండాకాలం కూడా చల్లగా ఉంటాయి. కాలవ తవ్వకుండా కట్ట తీస్తే నీళ్ళు ఇసుకలో ఇంకి చేపలు దారిలోనే చస్తాయి. కాలవకి రెండు రోజులైనా కావాలి. ఆ రెండు రోజులూ సన్నాసయ్య ఇక్కడ ఉండకూడదు.

ఆమె అతని దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తగ్గాయని విన్నానంది. జనం ఆకలితో ఉన్నారు, అందరూ ఒక్కసారి కట్ట మీదికి వస్తే ఒక్కడివే ఆపగలవా అని అడిగింది.

సన్నాసయ్య ఆమె మొహంలోకి చూశాడు. "నిజమే చెల్లెమ్మా. ఏం చెయ్యమంటావు?"

"అవతలి కొండ మీద నీ వాళ్ళున్నారట. వాళ్ళందరినీ కాపలాకి పిలుచుకు రాకూడదూ? నువ్వు వచ్చేదాకా నేను చూసుకుంటాను."

దొంగచాటుగా పిలవాలనుకున్న వాళ్ళని దర్జాగా తీసుకురమ్మని పోలమ్మే అడుగుతోంది. సన్నాసయ్యకి అంతకంటే ఏం కావాలి? కట్ట మీద చెయ్యి పడనివ్వద్దని ఆమెకి గట్టిగా చెప్పి, ఆ ఘడియలోనే బయల్దేరాడు. అవతలి కొండకి వెళ్ళి రావడానికి రెండు రోజుల పైనే పడుతుంది.

అతను కొండ మలుపు తిరగగానే పోలమ్మ గున్నయ్యని పిలిచి జరిగింది చెప్పింది. అతను కట్ట వైపు చూసి, "నా ముట్టెతో నెట్టిన రాళ్ళే అక్కా ఇవి," అని మాత్రం అన్నాడు. ఇసుకలో ముట్టె దించి తవ్వడం మొదలుపెట్టాడు. రెండు రోజులు ఆపలేదు. ముట్టె చిట్లి నెత్తురు కారుతున్నా ఆపలేదు. తెల్లయ్య పైనుంచి వాలు చూసి దారి చెప్పాడు. పోలమ్మ చేపల దగ్గరే ఉండి, నీళ్ళు కదిలిన వెంటనే ఎటు పోవాలో వాటికి పదేపదే చెప్పింది.

మూడోరోజు పొద్దెక్కేసరికి కాలవ ఊటమడుగుని తాకింది. గున్నయ్య అడుగు దుంగని లాగాడు. కట్ట ఒక్కసారిగా విరిగి నీళ్ళు కాలవలోకి ఉరికాయి. వాటితోపాటు చేపలూ వెళ్ళాయి. కానీ నీళ్ళు అనుకున్నంత లేవు. కాలవ నడిమధ్యలో కొన్ని ఇసుక మీద చిక్కుకుని ఎగిరెగిరి పడ్డాయి. పోలమ్మ, తెల్లయ్య వాటిని నోట కరుచుకుని పరిగెత్తారు. వారం రోజులుగా ఆమె సరిగా తిన్నది లేదు. ఇప్పుడు నోట్లో ఉన్నది వేలెడంత పిల్ల కాదు, జానెడు చేప. దవడలు నొప్పిపుట్టేలా బిగపట్టుకుంది కానీ పన్ను దిగనివ్వలేదు.

సగానికి పైగా ఊటమడుగు చేరాయి. మిగిలినవి ఇసుక మీదే చనిపోయాయి. చచ్చినవాటిని తినొచ్చా అని తెల్లయ్య మొహమాటంగా అడిగాడు. వాటికి ఒప్పందం లేదు, తినమంది పోలమ్మ. తను మాత్రం తినలేకపోయింది.

మిట్టమధ్యాహ్నం సన్నాసయ్య ఇరవైమంది బంధువులతో గట్టు ఎక్కాడు. దారి పొడుగునా విందు గురించి చెబుతూ వచ్చాడు. తీరా చూస్తే మడుగు ఉన్నచోట తడిబురద ఉంది. అడుగున ఇంకేమైనా మిగిలిందేమోనని అతను దిగి వెతికాడు. నడుముదాకా బురదలో దిగబడిపోయాడు. గట్టు మీద నక్కలన్నీ చూస్తూ నిలబడ్డాయి. వాటిలో అందరికంటే పెద్దది, ఇంత దూరం ఎండలో నడిపించి బురద చూపించినవాడికి పెద్దరికం ఏమిటని అడిగి వెనక్కి తిరిగింది. మిగతావీ దాని వెంట పోయాయి. సాయంత్రానికి గున్నయ్యే వచ్చి అతన్ని బయటికి లాగాడు. అప్పుడు కూడా సన్నాసయ్య, కట్ట తీసి చేపల్ని చంపారని పోలమ్మనే తప్పుపట్టాడు.

పోలమ్మ జలపాతం ఎక్కి చుక్కలవ్వకి అంతా చెప్పింది. ఎన్ని పోయాయో, కట్టకి తనూ ఎలా ఒప్పుకుందో ఏమీ దాచలేదు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది చుక్కలవ్వ. నీటి అంచుకి వచ్చి, "వచ్చే వానలకి మళ్ళీ రా," అంది.

రెండు చలికాలాలు గడిచాయి. కట్ట లేని ఏటిలో నీళ్ళు ఒండ్రుని కడిగేశాక, ఊటమడుగు చేపలు పైకి ఈది వచ్చి గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టాయి. అవి పగిలి పిల్లలు బయటికొచ్చి తిరుగుతుంటే చూశాక, పోలమ్మ మొదటిసారి ఏట్లో వేటకి దిగింది. గుడ్లు పెట్టేసిన ఒక ముదురు చేపని పట్టి, బండ మీద కూర్చుని మెల్లగా తింది. లకుముకి పిట్టలు తిరిగొచ్చాయి.

ఆ రోజుల్లోనే సన్నాసయ్య ఏటిగట్టుకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఈ కొత్త పిల్లలకి కాపలా ఎవరని అడిగాడు. నీళ్ళే కాపలా అంది పోలమ్మ. ఒక మూల చిన్న కట్టయినా వేసుకుంటే మంచిదని అతను మొదలుపెట్టబోయాడు. గున్నయ్య లేచి నిలబడ్డాడు. అతని ముట్టె మీద మచ్చలు చూసి సన్నాసయ్య మాట మింగేసి, వచ్చిన దారినే కొండ వైపు నడిచాడు. ఆ కొండ మీదా అతని కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు.

తన ఆకలి ఒప్పుకున్నవాడితో ఒప్పందం చేసుకోవచ్చు గానీ, అసలు ఆకలే లేదన్నవాడి చేతికి కాపలా ఇవ్వకూడదు.