సూరాంబ పోసిన గంట

అనగనగా ఏటి ఒడ్డున పైడిపురమనే పట్నం. ఆ పట్నంలో కంచు పోతపోసేవారి ఇంట పుట్టింది సూరాంబ. పదో ఏట జ్వరమొచ్చి చెవులు రెండూ పోయాయి. ఎదుటివారి పెదవులు చూసి మాట పట్టేది. తండ్రి దగ్గర పని మాత్రం క్షుణ్ణంగా నేర్చింది.

తండ్రి కాలం చేశాక పని అడగడానికి బయలుదేరింది. మొదటి కొలిమివారు తలుపు వేసుకున్నారు. రెండో కొలిమివారు జాలిపడి గుప్పెడు బియ్యం పెట్టి పంపారు. మూడోది పోతులాచారిది, పట్నంలోకెల్లా పెద్ద కొలిమి. ఆయన పకపకా నవ్వాడు.

"చెవిటివాడి ముందు శంఖమూదినట్టు, నీకు గంటల పని ఎందుకమ్మా? మోగిందో లేదో నీకెలా తెలుస్తుంది?"

సూరాంబకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి, ఆ బియ్యం పిచ్చుకలకు చల్లి, పెరట్లో తానే కొలిమి పెట్టుకుంది.

"పనిచ్చేవాళ్ళు లేకపోతే, పని నేనే పుట్టించుకుంటాను" అనుకుంది.

మొదట పశువుల మెడగంటలు చేసింది. ప్రతి గంటనూ కొట్టి అరచెయ్యి ఆనించేది. అదురు సాగి సాగి సన్నగిల్లితే మంచి గంట. నడుమ తెగితే లోపల బీట ఉన్నట్టే. అలాంటిదాన్ని మళ్ళీ కరిగించేది. తప్పిపోయిన ఆవు క్రోసెడు దూరంలో ఉన్నా సూరాంబ గంట పట్టిస్తుందని పశులకాపరులు చెప్పుకునేవారు.

ఇలా ఉండగా రాజుగారు చాటింపు వేయించారు: "ఏరు పొంగితే ఏడూళ్ళకూ వినబడే గంట కావాలి!"

పోతులాచారి ఎడ్లబండి మీద పెద్ద గంట తెచ్చి కోట ముందు వేలాడదీశాడు. కొడితే ఖంగుమంది. జనం భళా అన్నారు. సూరాంబ ముందుకొచ్చి, ఇంకా అదురుతున్న గంటమీద చెయ్యి ఆనించింది. అదురు నడుమనే తెగింది. అక్కడే ఉన్న రాజుగారి వైపు తిరిగింది.

"ప్రభూ, దీని కడుపులో బీట ఉంది. వరదనాడు దీన్ని నమ్ముకుంటే ఊళ్ళు మునుగుతాయి."

"చెవులు లేనిదానికి మోతేం తెలుసు!" అన్నాడు ఆచారి.

"ఇప్పుడే తేలుతుంది. మూడు దెబ్బలు కొట్టండి" అన్నాడు రాజు.

మొదటి దెబ్బకు మోగింది. రెండో దెబ్బకు గొంతు బొంగురుపోయింది. మూడో దెబ్బకు నిలువునా చీలింది!

గంట పోసే పని సూరాంబకే దక్కింది. ఆ శ్రావణంలోనే ఏరు గట్లు తెంచుకుంది. ఆమె పోసిన గంట మోగింది. గంట స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డ సూరాంబకు ఆ అదురు ఒళ్ళంతా పాకింది. ఏడూళ్ళవారూ పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో గుట్టెక్కారు. ఒక్క ప్రాణం పోలేదు.

రాజు పల్లకీ పంపి పిలిపించాడు.

"కోటలో ఉండిపో తల్లీ. కూర్చోబెట్టి పోషిస్తాను."

"పోషణ వద్దు ప్రభూ. పని చెప్పండి, నా కొలిమిలో చేసి తెస్తాను" అంది సూరాంబ, తల ఎత్తి.

ఏడాది తిరిగేసరికి చూపు లేనివారు, నడవలేనివారు ఎందరో ఆమె పెరట్లో పని నేర్చి, సొంత కొలుములు పెట్టుకున్నారు.

ఒంట్లో ఏ కొరత ఉన్నా, చేతివిద్యను నమ్ముకుని నిలబడేవారికి బతుకు ఒకరు ఇచ్చేది కాదు. వారే పదిమందికి ఇవ్వగలరు.