సూరమ్మ మెత్తిన గోడ

అనగా అనగా ఎప్పటి మాటో. మీ తాతకి తాత ఇంకా పుట్టని రోజులు. ఊ కొట్టే ఓపికున్నవాళ్లు ఊ కొట్టండి, లేనివాళ్లు ఊరికే వినండి. కథకేం తొందర లేదు.

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక కవిగారు ఉండేవారు. మట్టి గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, పొద్దున్నించీ తాటాకుల మీద పదాలు రాసేవారు. ఆయన పదాలు రోకళ్ల దగ్గర పాడారు, పడవల మీద పాడారు, రాజుగారి కొలువులోనూ పాడారు. కవిగారు పోయారు. కొన్నాళ్లకి ఆయన భార్య మంచం పట్టింది. ఆవిడకి పిల్లల్లేరు. ఇల్లు ఊడ్చి అలికే సూరమ్మని పిలిచి చెయ్యి పట్టుకుంది.

"సూరమ్మా, ఆయన ఆనుకున్న గోడ పడిపోనివ్వకే" అంది.

"నానున్నన్నాళ్లు పడదు తల్లీ" అంది సూరమ్మ. అప్పటికి ఆమెకి మొదటి కాన్పు రోజులు దగ్గరపడ్డాయి. మాట అంటే మాటే.

కవిగారు లేకపోయినా ఇల్లు చూడటానికి జనం రావడం మానలేదు. మూడు ఊళ్ల అవతలి నుంచి వచ్చేవారు, మూడు రోజులు నడిచి వచ్చేవారు, మూడు ఏర్లు దాటి వచ్చేవారు. ఆయన ఘంటం చూసేవారు. ఆయన చాప చూసేవారు. తాటాకుల కట్టకి దణ్ణం పెట్టేవారు. అంతవరకూ బాగానే ఉంది.

అయితే ఎవరు మొదలుపెట్టారో గానీ, ఒక అలవాటు పట్టుకుంది. వెళ్లేటప్పుడు ఆయన వీపు ఆనిన చోట గోడని గిల్లి, చిటికెడు మన్ను కొంగున కట్టుకునేవారు. ఇంటికెళ్లి పిల్లకో పిల్లాడికో అక్షరాభ్యాసం చేసేటప్పుడు పళ్లెంలో బియ్యం కింద ఆ మన్ను వేసేవారు. దానిమీద ఓనమాలు దిద్దితే ఇక చదువు నల్లేరు మీద బండి నడకేనట. భక్తి మంచిదే. కానీ ఆ భక్తికి గోడ ఏమైపోవాలి? చిటికెడు చిటికెడే కదా అని అందరూ అనుకున్నారు. సాయంత్రానికి గోడకి గుంట పడేది.

అందరూ వెళ్లాక సూరమ్మ గుంట చూసేది. తట్ట ఎత్తింది, ఏటికి నడిచింది, మన్ను తెచ్చింది, మెత్తింది. ఎర్రమన్నులో కాస్త ఊక కలిపి, నీళ్లు చిలకరించి, అరచేత్తో నునుపుగా అలికేది. మర్నాడు మళ్లీ గుంట. తట్ట ఎత్తింది, ఏటికి నడిచింది, మన్ను తెచ్చింది, మెత్తింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఎవరైనా అడిగితే చెప్పేదే. ఇల్లు అలికే మనిషిని అడిగేదెవరు?

ఏళ్లు గడిచాయి. ఆమె జుట్టు ముగ్గుబుట్టయింది.

ఒకరోజు రాజుగారి కొలువు నుంచి ఒక పండితుడు వచ్చాడు. వయసులో చిన్నవాడు, చదువులో పెద్దవాడు. ఊరి పెద్ద నాయుడుగారు ఎదురెళ్లి తీసుకొచ్చారు. ఊరంతా వెనకాల వచ్చింది. పండితుడు ఘంటానికి మొక్కాడు, చాపకి మొక్కాడు, తాటాకులకి మొక్కాడు. గోడ దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"కవిగారు తన గోడ నల్లరేగడి అని రాసుకున్నారే. ఇది ఎర్రగా ఉందేమిటి?"

గోటితో గీకాడు. ఎర్రమన్ను, ఊక. కత్తి తెప్పించి వేలెడు లోతు గీకాడు. ఎర్రమన్ను, ఊక. జానెడు లోతు గీకాడు. అక్కడా ఎర్రమన్నే, అక్కడా ఊకే.

"ఎవరు చేశారీ పని?" అన్నాడు.

సూరమ్మ ముందుకొచ్చింది. "నానే బాబూ. గుంట పడితే మెత్తినాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"నా కూతురు కడుపులో ఉన్నప్పుడు మొదలెట్టినాను. దాని కూతురికి ఇప్పుడు పెళ్లీడొచ్చింది."

జనంలో గోల లేచింది. మేం పట్టుకెళ్లింది కవిగారి మన్ను కాదా, ఏటి మన్నా అని ఒకరు. మా పిల్లల నోట్లో మట్టి కొట్టింది అని ఒకరు. నాయుడుగారి ముఖం ఎర్రబడింది. "వచ్చినవాళ్లకి ఏటిగట్టు మన్ను అంటగడతావా? ఇక ఈ గుమ్మం తొక్కకు" అన్నారు.

"ఈమె మెత్తిందంతా గీకించెయ్యండి. అసలుది ఎంత మిగిలితే అంతే ఉంచుదాం" అన్నాడు పండితుడు.

సూరమ్మ గోడకి అడ్డంగా నిలబడింది. తనని పొమ్మన్నందుకు కాదు. తన మన్ను తీస్తే అక్కడ గోడంటూ ఉండదని ఆమె ఒక్కదానికే తెలుసు. కవిగారి భార్య చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట నీళ్లపాలవుతోంది.

"గీకితే గోడ నిలబడదు బాబూ" అంది. "పట్టుకెళ్లొద్దని సెప్పలేకపోనాను. పిల్లల కోసం మూడేసి రోజులు నడిసొచ్చినోళ్లని ఒట్టి సేతుల్తో ఎలా పంపేది? ఆళ్లకి మన్ను కావాల. అమ్మగారికి గోడ కావాల. నాకు ఇంకేటి తోచనేదు."

"జాలి వేరు, నిజం వేరు" అన్నాడు పండితుడు. "అసలు మన్ను ఎలా ఉంటుందో నేను చూపిస్తాను. నాకు ఐదో ఏట మా నాన్న మూడు రోజులు నడిచి ఇక్కడి నుంచి తెచ్చారు. దానిమీదే అక్షరం దిద్దాను. మిగిలింది ఈనాటికీ మెడలోనే ఉంది."

మెడలోని తాయెత్తు తీశాడు. మూత విప్పాడు. అరచేతిలోకి ఒంపాడు.

ఎర్రమన్ను. అందులో రెండు ఊక తునకలు.

పండితుడు అరచేతికేసి చూశాడు, గోడకేసి చూశాడు, ఆమె చేతులకేసి చూశాడు. గోళ్లలో ఎర్రమన్ను. తను చదివిందంతా, కొలువులో గెలిచిందంతా ఆ చేతుల మీంచి వచ్చిందని అతనికి అర్థమైంది. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడటం తెలిసినవాడు కాబట్టే ఈ కథ మిగిలింది.

"అమ్మా, తట్ట ఎక్కడుంది?" అన్నాడు.

"మీకెందుకు బాబూ?"

"గుంట చేశాను కదా."

పట్టు పంచె ఎగగట్టాడు. తట్ట ఎత్తాడు, ఏటికి నడిచాడు, మన్ను తెచ్చాడు, మెత్తాడు. బాగా మెత్తలేదు, గడ్డలు గడ్డలుగా వచ్చింది. సూరమ్మ నవ్వుకుంటూ నీళ్లు చిలకరించి సరిచేసింది. నాయుడుగారు కాసేపు మీసం సవరించుకున్నారు. తర్వాత ఆయనే, గుమ్మం తొక్కవద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను సూరమ్మా, అన్నారు.

ఆ తర్వాత సూరమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఒక మాఘమాసంలో, మెత్తడం అయ్యాక గోడ పక్కనే కాస్త నడుం వాల్చి మళ్లీ లేవలేదు. మర్నాడు ఎవరో తండ్రి వచ్చాడు. చిటికెడు గిల్లుకున్నాడు. గుంట అలాగే ఉంది. అతను కాస్త నిలబడి, మూలనున్న తట్ట తీసుకున్నాడు.

ఆ ఊరు వెళితే ఇప్పటికీ చూడొచ్చంటారు. గోడ అప్పటికంటే మూరెడు లావెక్కిందట. దానినిండా చేతి గుర్తులేనట, పెద్దవీ చిన్నవీ. చిటికెడు మన్ను పట్టుకెళ్లడం ఎవరూ మానలేదు, ఎవరూ వద్దనరు. కాకపోతే ఎంత గొప్పవాళ్లు వచ్చినా గుమ్మంలో ఆపుతారు. ఘంటం చూపించకముందు, చాప చూపించకముందు, తాటాకులు చూపించకముందు, ఒకటే అడుగుతారు.

"సూరమ్మకి తెచ్చారా?"

తేకపోతే మన్నుకి ఏరు దగ్గరే. తట్ట గుమ్మం పక్కనే ఉంటుంది.