సందుపళ్ల స్వామికి గంట లేదు, ఈలే

ఈ గుట్ట ఎక్కే భక్తులకు మొదట వినిపించేది గంట కాదు, ఈల. మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కి గుడి ముందు నిలిచాక, గంట కోసం చెయ్యి పైకెత్తి గాలిని తడుముకునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఈ పుస్తకం రాసిన నేనూ వారిలో ఒకణ్ణే. ఇక్కడ గంట లేదు. ముందు పళ్ల మధ్య నుంచి ఈల వేసి స్వామిని పలకరించడమే ఆచారం. ముందు పళ్లు ఊడిన నాకు అక్కడ సందు కాదు, మైదానమే ఉంది. కనుక ఈల రాలేదు, తుంపర్లు మాత్రం పూజారి గారి పంచె మీద పడ్డాయి. ఆయన తుడుచుకుని, "పిలిచిన్రు గదా, సాలు. రాండ్రి" అన్నారు.

లోపలి నరసింహస్వామిది ఉలితో మలచిన విగ్రహం కాదు, రాతిలో వెలసిన ముఖం. నోరు తెరిచి ఉంటుంది. పై వరుస ముందు పళ్ల మధ్య వేలు పట్టేంత సందు. గాలి వీచినప్పుడు అందులోంచి సన్నని ఈల వస్తుంది. దాని వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, తోవ లేదు, మందలు మేసే గడ్డి ఉండేది. గుట్ట కింద నాగవ్వ అనే కురుమ ఇల్లాలు కాపురముండేది. భర్త లేడు, పొలం లేదు, ఉన్నది ఒక్క కొడుకు. గొర్రెల మందే ఆ ఇంటికి అన్నమూ, గొంగడీ. గొర్రెను కొనేటప్పుడు దవడ పట్టి, పెదవి ఎత్తి, పళ్లు చూసి కొనడం వారి పద్ధతి. పళ్లు ఎడమైతే ముసలిదని వదిలేస్తారు. కొడుక్కు పిల్లను చూసినప్పుడు మాత్రం నాగవ్వ ఆ పని చేయలేదు. మనిషి పెదవి ఎత్తి చూడడం మర్యాద కాదు గదా. కోడలు బీరవ్వ గడప దాటి వచ్చి నవ్వింది. అప్పుడు కనిపించింది, ముందు పళ్ల మధ్య సందు.

ఆ నెలలోనే రెండు గొర్రెపిల్లలు రోగం తగిలి పోయాయి.

"నీ పండ్ల సందుల నుంచే నా మంద కారిపోతున్నదే" అంది నాగవ్వ.

"గొర్రెకు మీది ముందు పండ్లే లేవు గదత్తా. గుర్రానికి ముందు పండ్లకు, దవడ పండ్లకు నడుమ బెత్తెడు సందు. కళ్లెం పట్టేదే ఆడ. కుందేలుకు సందే, ఎలుకకు సందే. వాటికి లేని దోషం నాకెక్కడిది?"

ఈ మాట నిజమా అని నేను పక్కింటి బర్రె నోరు తెరిచి చూశాను. పై ముందు పళ్లు దానికీ లేవు. నాలుక మాత్రం నా చెవి దాకా వచ్చింది.

"మాటలు గూడ ఆ సందుల నుంచే ఉరుకుతున్నయ్" అని నాగవ్వ లక్కను మెత్తగా చేసి కోడలి పళ్ల సందు పూడ్చింది. తను మేపుతున్న ఈ నెల రోజులుగా మంద తన పళ్ల ఈలకే తిరుగుతోందని బీరవ్వ చెప్పబోయింది. కానీ అప్పటికే నోట్లో అత్త వేళ్లున్నాయి.

మర్నాడు కొడుకు సంతకు పోగా, అత్తాకోడళ్లే మందను తోలుకుని గుట్ట ఎక్కారు. పొద్దెక్కుతుండగా మంచు కమ్మింది. పక్క మనిషి కనిపించలేదు. గుట్టకు ఉత్తరాన నిట్టనిలువు లోయ. గొర్రెల మెడ గజ్జెలు అటువైపే జారిపోతున్నాయి. ఒక గొర్రె పడితే వెనక ఉన్నవన్నీ పడతాయి. నాగవ్వ అరిచింది, కర్రతో రాళ్లను కొట్టింది. గజ్జెలు ఆగలేదు.

"ఊదవే బీరవ్వా! ఊదు!"

"లక్క వెడితివి గదత్తా, ఎట్ల ఊదాలె?"

నాగవ్వ తుమ్మముల్లు విరిచి, కోడలి దవడ పట్టి, పెదవి ఎత్తింది. గొర్రె పళ్లు చూసినట్టే చూసింది, ఈసారి వద్దనడానికి కాదు. ముల్లు పంటి చిగురులో దిగింది, లక్క ఊడింది. బీరవ్వ నెత్తుటి నోటితోనే ఈల వేసింది.

మంచులోంచి మరో ఈల బదులు పలికింది. గజ్జెలు ఆగాయి. తిరిగాయి. ఆ రెండో ఈల వైపు ఇద్దరూ తడుముకుంటూ పోయారు. మంచు విడేసరికి ఒక బండ చుట్టూ మంద అంతా నిలిచి ఉంది, ఒక్కటీ తగ్గలేదు. బండలో సింహముఖం, తెరిచిన నోరు, పళ్ల మధ్య సందు, సందులో గాలి.

నాగవ్వ సాగిలపడి మొక్కింది. అయితే అలవాటు అంత తొందరగా పోదు. స్వామికి ఈ వెలితి ఎందుకని, వారం తిరగకుండా లక్క ముద్ద పట్టుకుని వచ్చింది. ఎక్కిన అలసటకు బండ నీడలో కునుకు పట్టింది. కలలో స్వామి నోరు తెరిచి, "ముల్లు గూడ తెచ్చినవా, నాగవ్వా?" అని అడిగాడట. ఆమె ఉలిక్కిపడి లేచి, లక్కను అక్కడే వదిలి, కోడలిని పిలిపించి, స్వామి ముందు మొదటి ఈల ఆమెతోనే వేయించింది.

నేటికీ ఆ ఇంటివారే పూజారులు. ఏటా మాఘంలో కొత్త కోడళ్లను అత్తలే వెంటబెట్టుకుని వస్తారు. అత్త లక్క ముద్దను గడప బయట పెట్టాలి, కోడలు ఈల వేయాలి, ఆ తరువాతే తీర్థం. పళ్లు ఊడినవారు, ఇంకా రానివారు ఉత్త గాలి ఊదినా స్వామి పలుకుతాడు. ఇక్కడ మొక్కితే మంద తప్పిపోదని కాపరులు చెబుతారు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారికి ఆ చెయ్యి దిగుతుందని ఆడవాళ్లు చెబుతారు. మొదటిది నేను విన్నాను, రెండోది చూశాను. మొన్నటి మాఘంలో ఒక కొత్త కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లు ఎక్కింది. దిగేటప్పుడు ఆమె వేసిన ఈలకు గుట్ట కింది గొర్రెలన్నీ మేత మాని తలలెత్తాయి. కొంగు భుజం మీదే ఉంది.