వాక్కాయ చెట్టుకు నీళ్లు పోసిన చెయ్యి

ఏలేటికోట రాజు మల్లభూపతికి పులుపంటే ప్రాణం. ఓసారి తన కొలువులోని మాటకారి గుండన ఇంట్లో వాక్కాయ పప్పుతో భోంచేసి, చెయ్యి కడుక్కుంటూనే హుకుం జారీ చేశాడు.

"మా పెరట్లోనూ వాక్కాయ చెట్టుండాలి. మా కాయలు మేమే కోసుకు తినాలి!"

గుండన తన కంచె పక్కనున్న మొక్కొకటి తవ్వి ఇచ్చాడు. పెంచే పని తోటల అధికారి భద్రపతిది. తనకు తెలియని చెట్టు భూమ్మీద లేదని భద్రపతి నమ్మకం. రాజుగారి చెట్టాయె! పూటపూటా కడవలకొద్దీ నీళ్లు పోయించాడు, తట్టలకొద్దీ ఎరువు వేయించాడు. చెట్టు నిగనిగలాడుతూ ఏపుగా ఎదిగింది. ఏళ్లు గడిచినా ఆకే తప్ప పువ్వు లేదు. గుండన ఇంటి కంచె చెట్టు మాత్రం, ఎవరూ పట్టించుకోకపోయినా, ఏటా గుత్తులు గుత్తులుగా విరగకాసేది.

ఓ చలికాలం రాజుకు ఓపిక నశించింది. "ఏమయ్యా భద్రపతీ, ఇది చెట్టా, పందిరా?"

"నా పెంపకంలో లోటు లేదు మహారాజా! గుండన మంచి మొక్క దాచుకుని గొడ్డు మొక్క అంటగట్టాడు. తవ్వేటప్పుడు నా కళ్లతో నేనే చూశాను."

ఆ రోజు భద్రపతి ఆ చుట్టుపక్కలకే రాలేదు. కానీ సాక్ష్యమేదీ?

"గుండనా, వచ్చే కాపుకైనా ఇది కాయకపోతే నువ్వు నా కోటలో ఉండవు" అన్నాడు రాజు.

గుండన కోట పెరట్లోకి వెళ్లి చెట్టు దగ్గర నిలబడితే, కాలు చీలమండదాకా బురదలో దిగబడింది. సంగతి అర్థమైపోయింది. అయితే నీళ్లు ఆపమంటే భద్రపతి ఊరుకుంటాడా? తనను గెంటించడానికి చాటుగా ఇంకో నాలుగు కడవలు పోయిస్తాడు.

మర్నాడు నిండు కొలువులో గుండన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఈ చెట్టుకు జన్మలో అబద్ధమాడనివాళ్లే నీళ్లు పోయాలి. అబద్ధమాడినవాడు పోశాడో, పోసిన చెయ్యి పడిపోతుంది!"

అంతే. మంత్రిగారు పొడిదగ్గు దగ్గారు. సేనాపతి మీసం సర్దుకున్నాడు. ఎవరి చేతులు వాళ్లు ఉత్తరీయాల కింద దాచుకున్నారు. భద్రపతి అయితే ఆ రోజునుంచి చెట్టు దరిదాపులకు పోలేదు. ఉబలాటపడి చెంబు పట్టుకొచ్చిన రాజుగారు కూడా, రాణిగారితో చెప్పినవేవో గుర్తొచ్చి, దాన్ని మెల్లగా మల్లెపాదులో పోసి వెళ్లిపోయారు.

ఎండలు ముదిరాయి. గుండనకు కంటిమీద కునుకు లేదు. ఓ పొద్దున చెట్టునిండా మల్లెల్లాంటి తెల్లటి పూత! తొలకరి పడకముందే కొమ్మకొమ్మకూ ఎర్రెర్రటి కాయలు.

రాజు కొలువు మొత్తాన్నీ వెంటబెట్టుకొచ్చి, ఓ కాయ నోట్లో వేసుకుని, పులుపుకు కళ్లు గట్టిగా మూసి, లొట్టలేశాడు.

"ఎవరయ్యా దీనికి నీళ్లు పోసిన సత్యవంతుడు? ఈ ముత్యాలహారం వాడిదే!"

భద్రపతి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

"నేనే మహారాజా! ఎవరి కంటా పడకుండా రోజూ నేనే పోశాను. చూడండి, నా చెయ్యి నిక్షేపంలా ఉంది!" అంటూ చెయ్యి పైకెత్తి ఆడించాడు.

గుండన వంగి, చెట్టు మొదట్లో నెర్రెలిచ్చిన నేలలోంచి ఓ పెళ్ల పెరికి రాజు అరచేతిలో పెట్టాడు. అది పొడిపొడిగా రాలిపోయింది.

"నీళ్లు పోసిన నేల ఇదే ప్రభూ! వాక్కాయ దాహంతో ఉంటేనే పూస్తుంది. ఇన్నాళ్లూ కాయనిది నీళ్లెక్కువై. ఇప్పుడు కాసింది, ఒక్కరూ పోయక."

రాజు భద్రపతి వైపు తిరిగాడు. "అంటే నువ్వు నీళ్లు పోసిందీ అబద్ధమే, గొడ్డు మొక్కను కళ్లారా చూసిందీ అబద్ధమేనన్నమాట!"

ఎత్తిన చెయ్యి ఎలా దించాలో భద్రపతికి తెలియలేదు.

రాజుకు ఇంకో అనుమానం వచ్చింది. "మరి అబద్ధమాడినవాడు నీళ్లు పోస్తే చెయ్యి పడిపోతుందన్నావే గుండనా?"

గుండన చేతులు కట్టుకున్నాడు.

"అదీ అబద్ధమే ప్రభూ. అందుకే నేనూ చెంబు ముట్టుకోలేదు!"

పెరడంతా గొల్లుమంది. రాజు నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుంటూ, ముత్యాలహారం తీసి గుండన మెడలో వేశాడు.