మబ్బుచాటు కొండ మీది సిరా మందిరం

చీనాదేశపు దక్షిణ సీమలో, లీషీ నది ఒడ్డు నుండి ఏడువందల ముప్ఫై మెట్లు ఎక్కితే యున్‌యిన్ కొండ మీది మందిరం వస్తుంది. యున్‌యిన్ అంటే మబ్బుచాటు. ఇక్కడ గర్భగృహంలో విగ్రహం లేదు. పట్టుగుడ్డ మీద నల్ల సిరాతో గీసిన కొండ చిత్రానికే పూజలు జరుగుతాయి.

పూర్వం ఇక్కడ గూ షెన్ అనే పండితుడు నివసించేవాడు. రాజకొలువు విడిచి వచ్చి పందొమ్మిదేళ్లు ఈ కొండల్లో తిరిగాడు. రంగులు వాడడు, బొమ్మలు అమ్మడు. కొండ పోలికను ఎవరైనా దించగలరనీ, దాని ఊపిరిని పట్టడమే చిత్రకళ అనీ, గీసేవాడి మనసును కుంచె దాచదనీ ఆయన నమ్మకం.

ఆ రోజుల్లో సరిహద్దు కోట కట్టడానికి రాజభటులు మనుషులను బలవంతంగా పట్టుకుపోతుంటే, నదీతీరంలోని మూడు ఊళ్ల జనం కొండ వెనుక లోయలో తలదాచుకున్నారు. వారికి దారి చూపింది గూ షెనే. ఒక ఉదయం మా లియే అనే సేనాపతి సైన్యంతో వచ్చి ఆయన ముందు పట్టుగుడ్డ పరిపించాడు.

"ఈ కొండ మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదట. ప్రతి దారీ, ప్రతి లోయా గీయండి. సాయంత్రానికి కావాలి. ఒక్కటి తప్పినా మీ చెయ్యి మీకుండదు" అన్నాడు.

గూ షెన్ ఆలోచనలో పడ్డాడు. నిజం గీస్తే మూడు ఊళ్లు పోతాయి. దొంగ దారి గీస్తే, సైన్యం తూర్పువాలున కట్టెలు కొట్టుకునేవారి గుడిసెల మీద పడుతుంది. సిరాకడ్డీని రాతి మీద నూరుతూ నూరుతూ ఉండగా కునుకు పట్టింది. కలలో నీళ్లకావడి మోస్తూ ఒక ముసలమ్మ కనిపించింది.

"నాయనా, నాలో సగం నేనే ఎవరికీ చూపించను. నువ్వెందుకు చూపిస్తావు?" అన్నది.

ఆమె కొండదేవత అని గ్రహించి ఆయన లేచి కుంచె పట్టాడు. మనసులోని భయాన్ని కుంచె దాచలేదు. కొండ పాదం దగ్గర గీత వంకర పోయింది. దిద్దలేదు. శిఖరాలు లేచాయి, దేవదారులు లేచాయి, నడుమ మాత్రం ఏమీ లేదు.

సాయంత్రం సేనాపతి చూసి, "దారులేవి?" అన్నాడు.

"మబ్బు కప్పింది."

"ఆ మబ్బు తీసెయ్యండి."

"వేసినదైతే తీసేవాణ్ణి. అక్కడ నేనేమీ వేయలేదు, సేనాపతీ. అది వట్టి పట్టు."

సేనాపతి కత్తి దూశాడు. గూ షెన్ కుడిచేతి రెండు వేళ్లు తెగిపడ్డాయి. ఆయన నోటి నుండి దారి మాత్రం రాలేదు.

మరునాడు సైన్యం కొండెక్కబోగా మబ్బు దిగింది. తొమ్మిది రోజులు కదలలేదు. ముందు నడిచే మనిషి వెనుకవాడికి కనబడలేదు. తిండిగింజలు నిండుకొని, పనికిరాని ఆ చిత్రాన్ని అక్కడే పారేసి సేన వెనుదిరిగింది. లోయ నుండి వచ్చిన జనం ఆ చిత్రాన్ని నిలిపి మందిరం కట్టారు. గూ షెన్ ఎడమచేత్తో గీయడం నేర్చుకొని మరో ఏడేళ్లు జీవించాడు.

నేటికీ వసంతంలో ఆ మూడు ఊళ్లవారు ఇక్కడికి వస్తారు. జనం లోయలో దాగిన రోజుల్లో అక్కడ ఒక ఆడశిశువు పుట్టింది; ఆమె వంశంవారు మొదట సిరా నూరుతారు. తొమ్మిది చుట్లు నూరి, ఒక్క అక్షరమైనా రాయకుండా కడిగి, ఆ నీటిని కిందికి తెచ్చి నదిలో వదులుతారు. ఇలా చేసినవారికి భయం వేళ మాట జారదనీ, ఎక్కడో తలదాచుకున్న తమవారు క్షేమంగా ఇల్లు చేరతారనీ విశ్వాసం.