వంటశాల చూరులో కందిరీగలు

అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం నరహరిస్వామికి అలవాటు లేదు. ఆశ్రమంలో వంట చేసే శిష్యుడు చలమయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఒంట్లో ఏ బాధా లేనివాడు మళ్లీ ఆసుపత్రికి ఎందుకు పోవాలి స్వామీ? ఉన్నవి తీసేశారుగా!"

మూడేళ్ల కిందట చలమయ్య పెద్దపేగులో చిన్న చిన్న బొడిపెలు, డాక్టర్ల మాటలో పాలిప్స్, కనిపిస్తే తీసేశారు. ప్రస్తుతానికి భయం లేదు గానీ మూడేళ్లకు మళ్లీ వచ్చి, గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించుకోమన్నారు. ఆ గడువు దాటిపోయింది. ఆసుపత్రివాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, మహానుభావుడు ఆ ఫోను మోత ఆపేసి ఖాళీ పప్పుడబ్బాలో పెట్టి మూత బిగించాడు. అంతా భయం. అన్న పోయింది పేగు క్యాన్సర్‌తోనే. కడుపులో కాస్త గుడగుడమన్నా చలమయ్య చేతిలో గరిటె ఆగిపోతుంది. చూపించుకుంటే ఏం చెబుతారోనని ఒక దడ, చూపించుకోకపోతే ఏమవుతుందోనని ఇంకో దడ.

స్వామి వంటశాల గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. చేసేది లేక చలమయ్య రోజూ చేసే పనిలో పడ్డాడు. బూజుకర్ర అందుకుని చూరు కింద, తలుపు వెనక, అటక మూలల్లో మెడ సాచి వెతకసాగాడు.

"ఏమిటా వెతుకులాట?"

"కందిరీగలు స్వామీ. నిరుడు ఇక్కడే తుట్టె పెట్టాయి కదా."

"దాన్ని నువ్వే తీసేశావుగా."

"తీసేస్తే మాత్రం? పెట్టిన చోటే మళ్లీ పెడతాయి, వాటికేం సిగ్గా! చింతగింజంత ఉన్నప్పుడే చూసుకుంటే ఒక్క పోటుకు రాలిపోతుంది. గుమ్మడికాయంత అయ్యి, అవి కుట్టాక చూద్దాంలే అని కూర్చుంటే..."

మాట సగంలో ఆగింది. కర్ర ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద ఎసరు తెర్లుతున్నా అతను చూడలేదు.

"మళ్లీ కనిపిస్తేనో స్వామీ?" అన్నాడు చివరికి.

స్వామి అతని చేతిలోని కర్ర వంక చూశారు. అంతలో గూట్లోని పప్పుడబ్బా జుమ్మని అదరడం మొదలుపెట్టింది. ఇద్దరూ అటు తిరిగారు. స్వామి మెల్లగా లేచి పీట చంకన పెట్టుకున్నారు.

"డబ్బాలో కందిరీగ చేరినట్టుంది చలమయ్యా. మూత తీసి చూడు."