దివానుగారి వంశం, గవరమ్మ ఒళ్ళు

కరువుకాలంలో రాజుగారి ధాన్యపు కొట్టులో బియ్యం మాయమయ్యాయి. దివాను విరూపాక్షయ్య, కొట్టు ఊడ్చే గవరమ్మను కట్టేయించి సభకు ఈడ్పించాడు.

"ఈ ఒళ్ళే సాక్ష్యం ప్రభూ! కాజేసి తినకపోతే ఇంత లావెలా అవుతుంది?"

సభంతా నవ్వింది. పూటకో ముంతెడు గంజితో బతికే గవరమ్మకు కడుపు మండిపోయింది.

"ప్రభూ, దివానుగారు మీ పంక్తిలో ఏపాటి తింటారు?"

"మాకు రెట్టింపు," అన్నాడు రాజు నవ్వుతూ.

"అయినా పుల్లలా ఉన్నారే! తిన్నది ఒంట్లో కనబడేదే అయితే, ఆయన తినడం లేదన్నమాట. మీ వంటకాలు మూటకట్టుకుపోతున్నారు. ఆయన్నీ కట్టేయించండి!"

"అబద్ధం!" అని అరిచాడు దివాను. "ఎంత తిన్నా నాకు ఒంటికి పట్టదు. మా నాన్నా, తాతా ఇంతే. మా వంశమే అంత!"

"మా అమ్మా, అమ్మమ్మా గంజి తాగుతూనే నాలా లావుగా ఉండేవారు. వంశం తమరికేనా? నేను ఆకాశంలోంచి ఊడిపడ్డానా?"

రాజు నవ్వు ఆగిపోయింది. ఆమె కట్లు దివాను చేతనే విప్పించాడు.